నోరు కుట్టిన వెండి బిళ్ళ

పురావస్తు శాఖలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. రిటైరయ్యేదాకా పాత లోహాలను శుభ్రం చేయడం నా ఉద్యోగం. ఇప్పుడు వాళ్ళు చేస్తున్నదీ అదే. వచ్చినప్పుడల్లా, "మేడమ్, మీ చేతిలో పడినవాటిలో మరిచిపోలేనిది ఏది?" అని అడుగుతారు. ఏదో ఒక రాగి శాసనం పేరు చెప్పి కాఫీ పెట్టడానికి లేస్తాను. అసలు జవాబు ఇంతవరకు చెప్పలేదు. చెబితే రిటైరయ్యాక ఈమెకు చాదస్తం పట్టిందనుకుంటారు. రాస్తే మాత్రం చివరిదాకా చదివాకే అనుకుంటారు కదా, అందుకని రాస్తున్నాను. ఎవరి పేరూ చెప్పను. వాళ్ళంతా బతికి ఉన్నారు. వాళ్ళను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

అప్పటికి నా సర్వీసు చివరికొచ్చింది. అనంతపురంలో ఒక పాత అద్దె ఇంట్లో ఉండేది మా ఆఫీసు. ముందు గదిలో మా ఆఫీసరు కూర్చునేవారు. ఆయనది కోస్తా. సముద్రం పక్క ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. మా ఎండలకు వేగిపోతూ, తలమీద తడి తువాలు వేసుకుని ఫైళ్ళు చూసేవారు. రోమన్ నాణేల మీద చాలా చదువుకున్నారు. కానీ ఆయన పనిచేసిన ఏ జిల్లాలోనూ ఒక్క రోమన్ నాణెం కూడా దొరకలేదు. "నేను బదిలీ అయి వెళ్ళిన మర్నాడు దొరుకుతుందిలెండి," అని ఆయన మీద ఆయనే నవ్వుకునేవారు. వెనక గది నాది. ఇద్దరికీ టీలు అందించే అటెండరు ఒకాయన. ఆయనది ధర్మవరం వైపు. నోరు తెరిస్తే మూయడు. ఆఫీసులో ఏం జరిగినా మాకంటే ముందు ఆయనకే తెలిసేది.

ఆ వేసవిలో ఉరవకొండ అవతల ఒక పల్లెలో నీటికుంట తవ్వుతుంటే ఏదో బయటపడిందని తహసీల్దారు ఆఫీసు నుంచి కబురొచ్చింది. శెనక్కాయ వేసే మెట్ట చేను. వాన కురిసిన నాలుగు చుక్కలైనా నిలుస్తాయని రైతు కుంట తవ్విస్తున్నాడు. జేసీబీ పంజాకు పెద్ద బండ తగిలింది. దాన్ని ఎత్తితే కింద నాలుగు వైపులా నాలుగు రాళ్ళు నిలబెట్టిన గూడు కనిపించింది. అలాంటివాటిని మా వైపు రాకాసి గుళ్ళంటారు. రెండు వేల ఏళ్ళ కిందటి దాకా జనం కట్టుకున్న రాతి సమాధులవి. అందులో నలుపూ ఎరుపూ కలిసిన కుండలు, కొన్ని ఎముకలు, వాటిమీద బోర్లా పెట్టిన నల్లటి బిళ్ళ ఒకటి ఉన్నాయి. రైతు గూట్లోకి దిగి ఆ బిళ్ళను చేతికి తీసుకున్నాడు. జేసీబీ డ్రైవరు దాన్ని తనకిమ్మన్నాడట. రైతు భార్య ఒప్పుకోలేదు. తనే పోయి ఊళ్ళో రెవెన్యూ వాళ్ళకు చెప్పింది.

మేం జీపులో పోయేసరికి మిట్టమధ్యాహ్నమైంది. దూరంగా గుట్టల మీద గాలిమరలు బారుగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ తిరగడం లేదు. ఆ వైపు గాలి ఎప్పుడూ హోరుమంటూనే ఉంటుంది. ఆ రోజు మాత్రం చెట్టున ఆకు కూడా కదల్లేదు. రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, బలమైన ఒళ్ళు. మా ఆఫీసరు ఏం అడిగినా అతను పలకలేదు. మొదట మొండితనమనుకున్నాం.

"మాట్లాడల్యాడు సార్," అంది భార్య. "దాన్ని ముట్టుకున్న పొద్దు నుంచీ నోరు పడిపోయింది. ఊరి ఆ కొస నుంచి పిలిస్తే ఈ కొసకు ఇనపడే గొంతు మా ఆయప్పది. అట్లాంటి మనిషి ఇట్లయిపాయ."

"డాక్టరుకు చూపించారా అమ్మా?" అని అడిగారు ఆఫీసరు.

"అనంతపురం పెద్దాసుపత్రికి పిల్సుకోని పోతిమి. గొంతులో ఏమీ ల్యాదు, భయపడినాడు, అంతే, అదే బాగయితాదనిరి."

చెబుతూ చెబుతూ ఆమె మాట ఆపి మొగుడి వైపు చూసింది. మేమూ చూశాం. అతని పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. ఎవరికో అర్థమయ్యేలా చెప్పాలని కష్టపడుతున్నట్టు, ఒకే రకంగా, మళ్ళీ మళ్ళీ.

"రోజూ ఈ పొద్దుకు ఇంతే," అంది ఆమె గొంతు తగ్గించి. "నేను దగ్గరగా కూచోని చూసినా సార్. అవి మన మాటలు గావు."

మా ఆఫీసరు వినిపించుకోలేదు. తహసీల్దారు అప్పగించిన పొట్లం విప్పి, బిళ్ళను అరచేతిలో పెట్టుకుని ఎండవైపు తిప్పారు. నల్లటి మకిలి కింద నుంచి ఒక ముక్కు, ఒక చెంప, ఆకులు కట్టిన తల మసకగా కనిపించాయి. ఆయన దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నారు. "రోమన్," అన్నారు. "కానీ నాణెం కాదండీ, ఇంత పెద్దది ఉండదు. మెడాలియన్. చక్రవర్తి ఏదైనా వేడుకకు గుర్తుగా అచ్చు వేయించి, కావలసినవాళ్ళకు కానుకగా ఇచ్చేవాడు. వెండిలో చాలా అరుదు. అది ఇక్కడెలా ఉంది? ఈ రాళ్ళల్లో?"

ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. జీపెక్కేటప్పుడు రైతు భార్య నా చేయి పట్టుకుంది. "మేడమ్, దాన్ని మొగం పైకి పెట్టొద్దండి. ఆ కాలంలో పెట్టినోళ్ళు తెలీకనా బోర్లా పెట్టినారు?" సరేనన్నాను. ఆమెను ఊరుకోబెట్టడానికి అన్నానేమో, నిజంగానే అన్నానేమో, ఇప్పుడు చెప్పలేను.

మర్నాటి నుంచి నా పని మొదలైంది. వెండి మకిలిని తొందరపడి తీయకూడదు. తడి దూదితో, మెత్తటి బ్రష్షుతో, వెదురు పుల్లతో కొంచెం కొంచెంగా, భూతద్దం కింద. అన్నేళ్ళు మట్టిలో ఉన్న వెండి ఒక్కోసారి అప్పడంలా పెళుసెక్కిపోతుంది కూడా. ముందు కళ్ళు బయటపడ్డాయి. తర్వాత గడ్డం. నోటి దగ్గరికి వచ్చేసరికి పుల్లకు ఏదో అడ్డం తగిలింది. మట్టిపెళ్ళ అనుకున్నాను. శుభ్రం చేస్తే తీగ.

పై పెదవి మీద ఒక బెజ్జం, కింది పెదవి కింద ఒక బెజ్జం. రెండింట్లోంచీ సన్నటి వెండితీగ దూర్చి, వెనక వైపు మెలి తిప్పి బిగించారు. మన దేశంలో దొరికిన రోమన్ నాణేలకు బెజ్జాలుండడం మామూలే. మెడలో వేసుకోవడానికి తల పైన పొడిచేవాళ్ళు. ఇది కూడా అదేనని ఆఫీసరుకు చెప్పాను. ఆయన భూతద్దంలో చాలాసేపు చూశారు.

"మెడలో వేసుకుంటే నోట్లోంచి వేలాడదీస్తారా?" అన్నారు నెమ్మదిగా. "కుట్టేశారండీ. ఈ బొమ్మ నోరు కుట్టేశారు."

నేను వెదురు పుల్ల కింద పెట్టేశాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అటెండరు టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను అప్పుడే బయట కొళాయి దగ్గర చేతులు కడుక్కుని వస్తున్నాను.

"మీరు ఈడుండారా?" అన్నాడు. "మరి లోపల ఫోన్లో మాట్లాడుతాండేది ఎవురు?"

"ఎవరూ లేరే."

"మొగోని గొంతు మేడమ్. మెల్లగా. అరవమో, యాడిదో బాస. సార్ అనుకుంటి, సార్ బజారుకు పోయినాడు గదా."

ఇద్దరం లోపలికి పోయి చూశాం. బల్ల మీద దూది పరిచిన పళ్ళెం, అందులో బిళ్ళ, దానిమీద స్టాండుకు బిగించిన భూతద్దం. అంతే. నేను వంగి చూస్తే బిళ్ళ కనిపించలేదు. అద్దానికి ఆవిరి పట్టి ఉంది. మే నెలలో, అనంతపురంలో, అద్దానికి ఆవిరి. నా ఊపిరి తగిలే పైవైపు కాదు. కింది వైపు, బిళ్ళను చూసే వైపు. చీర కొంగుతో తుడిచాను. కొంగు తడిసింది.

ఆ తర్వాత అటెండరు మధ్యాహ్నాలు నా గదిలోకి రాలేదు. టీ గ్లాసు కిటికీలోంచి అందించేవాడు. అన్ని మాటలు చెప్పే మనిషి ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను బిళ్ళను బోర్లా తిప్పి, వెనక వైపు శుభ్రం చేయడం మొదలుపెట్టాను. వెనక వైపు పనే ముందు చేయాలని నాకు నేను చెప్పుకున్నాను.

ఈలోగా రైతు భార్య మా ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది. ఉరవకొండ బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చేది. తీగ సంగతి అటెండరే నోరు జారాడో ఏమో, ఒకరోజు నేరుగా ఆఫీసరు ముందు నిలబడింది.

"దాని నోరు కుట్టినారంట గదా సార్. ఆ కుట్టు ఇప్పండి. అది మా ఆయప్పను పట్టుకోనుండాది. దాని నోరు తెరిస్తే మా ఆయప్ప నోరు తెరుచుకుంటాది."

"అమ్మా, అది రెండు వేల ఏళ్ళనాటి తీగ. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో తెలిపేది అదొక్కటే. నేను విప్పకూడదు. విప్పితే నేరం."

"మనిషి కంటే తీగ ఎక్కువా సార్?"

ఆఫీసరు చెప్పింది శాఖ లెక్కన నూటికి నూరుపాళ్ళు సరైనదే. అమ్మాయిలూ, మీరు కూడా అదే చెప్పాలి. కానీ ఆమె వెళ్ళిపోయాక ఆయన భోజనం డబ్బా తెరవలేదు. సాయంత్రం నా గదిలోకి వచ్చి, "విప్పితే నిజంగా ఏమవుతుందంటారు?" అని అడిగారు. "తీగ ముక్కలవుతుంది సార్," అన్నాను. నాకు తెలిసింది అదే.

తర్వాత కొద్దిరోజులకు బిళ్ళను రాజధానికి పంపమని పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. మర్నాడే తీసుకుపోతారు. ఆఫీసరు ఆ మాట రైతు భార్యకు ఫోను చేసి చెప్పారు. చెప్పనవసరం లేదు, అయినా చెప్పారు. "ఒకసారి మీ ఆయన్ను తీసుకొచ్చి చూపించమ్మా. ముట్టుకోకూడదు. చూడొచ్చు."

ఆ పొద్దు వాళ్ళిద్దరూ వచ్చారు. రైతు బాగా చిక్కిపోయాడు. గడ్డం మాసి, ఎవరో వెనక నుంచి పిలుస్తున్నట్టు మాటిమాటికీ తల తిప్పుతున్నాడు. నా గదిలో బల్ల ముందు కూర్చోబెట్టాం. ఆమె అతని భుజం మీద చేయి వేసి నిలబడింది. ఆఫీసరు బల్లకు అటుపక్క, నేను ఇటుపక్క. అటెండరు గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. ఆఫీసరు సైగ చేస్తే బిళ్ళను మొహం పైకి వచ్చేట్టు తిప్పాను.

కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మెల్లమెల్లగా తిరిగి ఆగిపోయాయి. అతను బిళ్ళ మీదికి వంగాడు. పెదాలు కదలడం మొదలుపెట్టాయి. చేనులో చూసినట్టే, ఒకే రకంగా. గదిలో ఎవరమూ ఊపిరి తీయడం లేదు. అయినా ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. పైకి ఎక్కి వచ్చి అలిసిపోయినవాడి ఊపిరి.

అప్పుడు టిక్కుమని సన్నటి శబ్దం. ఎవరూ ముట్టుకోలేదు. తీగ రెండుగా విరిగి దూది మీద పడింది.

పెళుసెక్కిన వెండి అలా విరగడంలో వింతేమీ లేదు. ఆ క్షణంలోనే ఎందుకు విరగాలో మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

"దోవ," అన్నాడు రైతు.

బొంగురుపోయిన గొంతు. భార్య అతని మొహం తన వైపు తిప్పుకుంది.

"దోవ అడుగుతాండాడు సార్. ఈయప్ప. నేను ఎత్తి చేతికి తీసుకున్నప్పుటి నుంచీ అడుగుతానే ఉండాడు. నోరు తెరిస్తే నా మాట గాకుండా ఆయప్ప మాట వచ్చాదేమోనని బయపడి మూసుకోనింటి."

ఆఫీసరు గొంతు సవరించుకున్నారు. "నీకు తెలియని భాష కదయ్యా. దారే అడుగుతున్నాడని నీకెలా తెలుసు?"

"బాస తెల్దు సార్. దోవ తప్పినోని గొంతు ఎవురికి తెల్దు?" అన్నాడతను. "ఇంటికి పోవల్లంట. యా దిక్కుకు పోవల్లనో తెల్దంట. అప్పుట్లో కనపడినోళ్ళనంతా అడిగినాడు. వాళ్ళకు అర్థం గాల్యా. సచ్చిపోయినాక గూడా అడుగుతా ఉంటే, వాళ్ళు తట్టుకోల్యాక నోరు కుట్టేసినారు."

మా ఆఫీసరు ఏం చేస్తారో నాకు తోచలేదు. ఆయన కుర్చీలోంచి లేచారు. పళ్ళెంలోని బిళ్ళను గాజు కడ్డీతో మెల్లగా వెనక్కి తిప్పారు. ఆ వైపు నేను శుభ్రం చేసినదే. చేతిలో పడవ చుక్కాని పట్టుకుని నిలబడిన ఒక స్త్రీ, చుట్టూ అక్షరాలు.

"ఈమె వాళ్ళ దేవత," అన్నారు రైతుతో. "దూరం పోయినవాళ్ళను క్షేమంగా ఇల్లు చేరుస్తుందని నమ్మేవాళ్ళు. చక్రవర్తి యుద్ధం నుంచి తిరిగొచ్చినందుకు గుర్తుగా ఇది అచ్చు వేయించాడు. మీవాడు దీన్ని దగ్గర పెట్టుకుని బయలుదేరాడన్నమాట. వజ్రాల కోసమో, బంగారం కోసమో."

పక్క గోడకున్న రెండో కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది, ఎండ కొడుతుందని. ఆయన దాని దగ్గరికి పోయి గడియ లాగి, రెక్కలు రెండూ బార్లా తెరిచారు. గదంతా వెలుగు పడింది.

"ఇది పడమర. ఇటు వెళ్ళమను. రోజూ పొద్దు గుంకే వైపే నడవాలి. బళ్ళారి వస్తుంది. అది దాటి చాలా దూరం పోతే అడవి, కొండలు. కొండలు దిగితే సముద్రం. వాళ్ళ ఓడలు ఆగే రేవులు ఆ తీరంలోనే ఉండేవి. చెప్పు."

హేళన లేదు ఆ మాటలో. బస్టాండులో ముసలాయనకు బస్సు చూపించేవాడిలా చెప్పారు.

రైతు బిళ్ళ మీదికి వంగాడు. ఈసారి గొంతు నిజంగానే ఊరి అవతలికి వినిపించేంత పెద్దగా వచ్చింది.

"ఇదో అన్నా! ఇట్ల పో. పొద్దు గుంకే దిక్కు. బళ్ళారి దాటి, కొండ దిగితే సముద్రం. ఎవురన్నా కనపడితే ఇట్ల అడుగు: దోవ యాడప్పా అని. దోవ యాడ. అట్ల అడిగితే చెప్తారు."

కిటికీ తెర ఒక్కసారిగా బయటికి ఎగిరింది. లోపలి నుంచి బయటికి. బల్లమీది దూది చుట్టలు కిటికీ వైపు దొర్లాయి. బయట ఆవరణలో వేపచెట్టు ఆకు ఒక్కటి కదల్లేదు. తెర కొంతసేపు అలాగే గాల్లో నిలబడి, తర్వాత మామూలుగా గోడకు వాలింది. అటెండరు గుమ్మంలోంచి జరిగి దారి ఇచ్చినట్టు పక్కకు నిలబడ్డాడు. కిటికీలోంచి పోయినదానికి తలుపు దగ్గర ఆయన ఎందుకు జరిగాడో ఆయనకే తెలియదు.

రైతు భార్య ఏడుస్తూ మొగుడి మొహం తడుముతోంది. "ఏమన్నా మాట్లాడు, ఇంగోసారి మాట్లాడు," అంటోంది. అతను, "ఆకలయితాండాదే," అన్నాడు. అటెండరు పరుగెత్తుకుపోయి హోటల్లో ఇడ్లీలు కట్టించుకొచ్చాడు.

తీగ విరిగినందుకు మా ఇద్దరికీ మెమోలు వచ్చాయి. పాత వెండి పెళుసుతనం గురించి నేను పెద్ద సంజాయిషీ రాశాను. అందులో ప్రతి మాటా నిజమే. బిళ్ళ ఇప్పుడు రాజధానిలో ఒక ఇనప్పెట్టెలో ఉంది. చూసొచ్చిన పెద్దవాళ్ళు గొప్ప వస్తువన్నారు. నేనూ ఒకసారి చూశాను. మంచి వెండి, మంచి పనితనం. ఎంతసేపు చూసినా నాకేమీ అనిపించలేదు. ఖాళీ చేసిన ఇంటిని చూసినట్టుంది. ఆఫీసరు దాని మీద రాస్తానన్న వ్యాసం రాయలేదు. బదిలీ మీద ఆయన తమ వైపుకు వెళ్ళిపోయారు. నేను రిటైరయ్యాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

రైతు భార్య నా నంబరు దాచుకుంది. చేనులో కుంట మరోచోట తవ్వుకున్నామనీ, మొగుడి నోటికి మళ్ళీ అడ్డూ అదుపూ లేదనీ చెప్పడానికి ఫోన్ చేస్తుండేది. ఒకసారి మాత్రం ఆమె గొంతు వేరుగా ఉంది.

"మేడమ్, మా చిన్నమ్మోళ్ళది కర్ణాటక బార్డరు కాడ పల్లె. ఆడ గొర్లు కాసే ఆయప్పకు మిట్టమధ్యానం ఎనకనుంచి ఎవురో పిలిచినట్టు ఇనపడిందంట. తిరిగి చూస్తే ఎవురూ ల్యారంట. యాడిదో బాస అంటాండాడు."

నేను ఆ సాయంత్రం మా పాత ఆఫీసరుకు ఫోన్ చేశాను. విన్నదంతా చెప్పాను. ఆయన వెనక సముద్రం హోరు వినిపిస్తోంది. "ఆ పల్లె మన పాత ఆఫీసుకు ఏ వైపండీ?" అని అడిగారు. పడమరే సార్ అన్నాను. "మంచిది," అని పెట్టేశారు.

తర్వాత చాలాకాలం ఏమీ లేదు. మొన్న వేసవి చివర మళ్ళీ ఫోన్ మోగింది.

"మా పెద్దక్కను బళ్ళారి అవతల ఇచ్చిండారు మేడమ్. నిన్న ఫోన్ చేసింది. అక్కకు ఈ సంగతులేవీ తెల్దు, మేం చెప్పల్యా. మధ్యానం ఇంట్లో పండుకోనుంటే బయట అరుగు మీద నుంచి మొగోని గొంతు వచ్చిందంట. ఈసారి మన మాటల్లోనే. దోవ యాడప్పా, సముద్రానికి, అని."

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను. "మీ అక్క ఏం చేసింది?"

"ఎవురో దూరం నుంచి వచ్చినోడనుకొని లోపల నుంచే చెప్పిందంట. సముద్రానికయితే అట్ల నేరుగా పో అన్నా, ఇప్పుడు ఎండ ఎక్కువుండాది, నీడన కూచో, నీళ్ళు తాగి పోదువులే అని. చెంబుతో నీళ్ళు తీసుకోని బయటికొస్తే అరుగు మీద ఎవురూ ల్యారంట. చెంబు ఆడనే పెట్టి వచ్చిందంట."

"తర్వాత?"

"తర్వాత ఏముంటాది మేడమ్?" అంది ఆమె. "దోవ చెప్పింది గదా. పోయింటాడు."